పాటకు పడిన ఓట్లు

1952 డిసెంబరు 3వ తేదీ, బుధవారం. ఆ రాత్రి రేడియో సిలోన్ నుండి షార్ట్ వేవ్ మీద అరగంటసేపు ఒక క్రొత్త కార్యక్రమం వినవచ్చినది. ఏడు హిందీ సినిమా పాటలు, వాటి నడుమ ఒక యువకుని చురుకైన కంఠం. ఆ యువకుని పేరు అమీన్ సయానీ. ఆయనకు ఇరవై యేండ్లు నిండుటకు ఇంకా పద్దెనిమిది రోజులున్నవి. పాటలు ఏర్చి కూర్చుట, మాటలు వ్రాసికొనుట, వాటిని చదువుట, వచ్చిన ఉత్తరాలు విప్పి చూచుట, ఇన్ని పనులకు కలిపి వారానికి ఇరవైయైదు రూపాయలు ముట్టచెప్పుదుమన్నారు. ఆ మొత్తానికి అనుభవజ్ఞులెవరును ముందుకు రాలేదు. అందువలన ఆ పని కుర్రవానికి దక్కినది. ఖర్చు భరించినది బినాకా అను పండ్ల పేస్టు తయారుచేసే సీబా కంపెనీ గనుక కార్యక్రమానికి బినాకా గీత్‌మాలా అని పేరు పెట్టినారు.

మొదటి కార్యక్రమానికే తొమ్మిది వేల ఉత్తరాలు వచ్చినవి. ఏడాది తిరిగేసరికి అవి వారానికి అరవైయైదు వేలకు పెరిగినవి. రేడియోలో కొలువు చేసేవారికి ఈ అంకె విన్నంతనే గుండె ఝల్లుమంటుంది. ఒక్కొక్క కార్డును అర నిమిషం చూచినను అరవైయైదు వేల కార్డులకు అయిదు వందల నలభై గంటలు పట్టును. వారానికి ఉన్నవే నూట అరవైయెనిమిది గంటలు గదా!

ఇంత జనం ఒక్క అరగంట కార్యక్రమానికి ఎందుకు ఎగబడినారు? ఆ పాటలు మన దేశపు పాటలే. పాడినవారు, కట్టినవారు బొంబాయివారే. అవి వినుటకు సముద్రమావల ఉన్న కొలంబో వైపు ముల్లు త్రిప్పవలసిన అవసరమేమి వచ్చినది? ఇది తెలిసికొనుటకు కొంచెము వెనుకకు పోవలెను.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మౌంట్‌బాటెన్ గారి ఆగ్నేయాసియా సైన్యాధిపత్యం సింహళంలో విడిది చేసినది. సైనికులకు వార్తలు, పాటలు వినిపించుటకు కొలంబో సమీపాన ఒక బ్రహ్మాండమైన షార్ట్ వేవ్ ట్రాన్స్‌మిటరు నిలిపినారు. యుద్ధం ముగిసినది, సైనికులు వెళ్ళిపోయినారు, యంత్రం మాత్రం మిగిలినది. చిన్న ద్వీపానికి అంత గొంతు అవసరము లేదు. ఆ గొంతు చేరగల జనమంతా ఉత్తరాన, భారతదేశంలో ఉన్నారు. కొలంబో ప్రణాళిక క్రింద ఆస్ట్రేలియా నుండి వచ్చిన క్లిఫర్డ్ డాడ్ అను ఆయన ఈ సంగతి గ్రహించి, రేడియో సిలోన్‌లో వ్యాపార ప్రసారాలను నడిపించినాడు. మన ఆకాశవాణిలో నాడు వాణిజ్య ప్రకటనలకు చోటు లేదు. అవి 1967లో గాని ఇక్కడ ప్రవేశింపలేదు. బొంబాయిలో కార్యక్రమం రికార్డు చేసి, టేపును విమానంలో కొలంబోకు పంపేవారు. అక్కడి నుండి అది ఆకాశమార్గాన మరల మన ఇండ్లకు వచ్చేది.

యంత్రమున్నది, ప్రకటనల సొమ్మున్నది. మూడవది కూడ వచ్చి కలిసినది. అది మన ప్రభుత్వం చేతులారా ఇచ్చినది. 1952లో డాక్టర్ బి. వి. కేస్కర్ గారు సమాచార ప్రసార శాఖకు మంత్రి అయినారు. ఆయనకు హిందుస్తానీ సంగీతంలో మంచి ప్రవేశముండేది. సంస్థానాధీశుల ఆదరం పోయిన గాయకులకు రేడియోయే ఆశ్రయము కావలెనని ఆయన నమ్మినారు. సినిమా పాటలు పాశ్చాత్య వాద్యాల రొదతో, చౌకబారు శృంగారంతో జాతి అభిరుచిని చెరుపుతున్నవని ఆయన అభిప్రాయం. ప్రసారమయ్యే కాలంలో సినిమా పాటలు నూటికి పదికి మించరాదన్నారు. ఆ పదిని కూడ వడపోయవలెనన్నారు. గాయకుల పేరు చెప్పవచ్చును గాని, చిత్రం పేరు చెప్పినచో అది ప్రకటన అగునన్నారు. చిత్ర నిర్మాతలకు ఇది కష్టము తోచి పాటల అనుమతులు ఉపసంహరించుకొన్నారు. కొద్ది నెలలలోనే ఆకాశవాణి నుండి సినిమా పాట దాదాపు మాయమైనది.

కేస్కర్ గారిని నేడు పరిహసించుట సులభం. నాకు ఆ పరిహాసంలో పాలుపంచుకొన బుద్ధి పుట్టదు. సంగీతపు జాతీయ కార్యక్రమం 1952లోనే ఆరంభమైనది. రేడియో సంగీత సమ్మేళనం 1954లో వచ్చినది. ఎందరు విద్వాంసులు ఆ ప్రసారాల వలన తమ ఊరు దాటి దేశానికి తెలిసినారో లెక్కింపలేము. తెలుగు శ్రోతకు దక్కిన లాభం మరొకటి ఉన్నది. సినిమా పాట లేనిచోట దానికి బదులుగా ఏదో ఒకటి పాడించవలెను గదా! ఆ ఖాళీలో లలిత సంగీతం ఏపుగా పెరిగినది. విజయవాడలో బాలాంత్రపు రజనీకాంతరావు గారు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు మొదలైనవారి చేతులమీదుగా సాగిన భక్తిరంజనిని, గేయాలను ఎరుగని తెలుగు ఇల్లు ఉండేది కాదు. వాటికి ఎవరును ఓట్లు వేయలేదు. అయినను నిలిచినవి.

కాని కేస్కర్ గారి లెక్కలో ఒక పొరపాటున్నది. సినిమా పాటలన్నీ ఒక్క గాటన కట్టదగినవి కావు. ఆయన మంత్రియైన 1952లోనే బైజూ బావరా చిత్రం విడుదలైనది. అందులో నౌషాద్ కూర్చిన పాటలు రాగాల మీద నిలిచినవి. తెర వెనుక పాడినవారు ఉస్తాద్ అమీర్ ఖాన్, పండిత్ డి. వి. పలూస్కర్. ఆ చిత్రం చూచి వచ్చిన రిక్షావాడు కూడ మాల్కౌంస్ కూనిరాగం తీసినాడు, ఆ రాగం పేరు తెలియకపోయినను. జనం రాగాన్ని కాదనలేదు. తమకేది మంచిదో ఇంకొకరు నిర్ణయించుటను కాదన్నారు.

ఆ కాలాన్ని కూడ జ్ఞాపకముంచుకొనవలెను. 1951 అక్టోబరు నుండి 1952 ఫిబ్రవరి వరకు మన మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగినవి. పదిహేడు కోట్లకు పైబడిన ఓటర్లు. వారిలో అత్యధికులు చదువురానివారు. గుర్తులు చూచి పెట్టెలలో కాగితాలు వేసినారు. దేశాన్ని ఎవరు పాలించవలెనో చెప్పగల తెలివి జనానికి ఉన్నదని రాజ్యాంగం ఒప్పుకొన్నది. అదే సంవత్సరం, ఏ పాట వినదగినదో చెప్పగల తెలివి వారికి లేదని రేడియో చెప్పినది. ఈ రెండు మాటలు ఒక్క ఇంటిలో ఇమిడేవి కావు. సూచిక కొలంబో మీదికి తిరిగినది. రేడియోలున్న పది ఇండ్లలో తొమ్మిది ఇండ్లవారు సిలోన్ వింటున్నారనీ, పదవ ఇంటిలో రేడియో చెడిపోయి ఉన్నదనీ ఆనాడు ఒక చమత్కారం ప్రచారంలో ఉండేది.

ఇక గీత్‌మాలాకు వద్దాము. మొదట అది పోటీయే గాని ఓటింగు కాదు. ఏడు పాటలను వరుస తప్పించి వినిపించేవారు. ఏది ముందు విడుదలైనదో ఏది తరువాతదో సరియైన వరుసలో వ్రాసి పంపినవారికి నూరు రూపాయల బహుమతి. అరవైయైదు వేల ఉత్తరాలు వచ్చినది ఈ చిక్కుప్రశ్నకే. దానిని మోయలేక 1954 చివర పద్ధతి మార్చినారు. పోటీ తీసివేసి, ఆ వారం జనం మెచ్చిన పాటలను క్రింది నుండి పైకి వరుసగా వినిపించుట మొదలుపెట్టినారు. అరగంట గంట అయినది, ఏడు పాటలు పదహారైనవి. మెట్టుకు మెట్టు ఎక్కి, చివరి పాట చేరునప్పటికి ఇంటిలో చప్పుడు ఉండేది కాదు. ఒక్కొక్క మెట్టును పాయ్‌దాన్ అనేవారు. చాలా వారాలు నిలిచి విరమించే పాటకు బాకా ఊది సర్తాజ్ గీత్ అని గౌరవించేవారు. పాటకు పదవీ విరమణ సన్మానం జరుగుట లోకంలో మరెక్కడైనా ఉన్నదేమో నాకు తెలియదు.

ఇటువంటి వరుసలు సయానీ గారు కనిపెట్టినవి కావు. అమెరికాలో 1935 ఏప్రిల్‌లో ‘యువర్ హిట్ పరేడ్’ అను ప్రసారం మొదలైనది. దానిని పోషించినది ఒక సిగరెట్టు కంపెనీ. స్వరలిపి పుస్తకాల అమ్మకం, రికార్డుల అమ్మకం, కాసు వేస్తే పాడే యంత్రాలలోని లెక్కలు, ఇవన్నీ కలిపి వరుస కడుతున్నామని చెప్పేవారు. ఎట్లు కలిపేవారో మాత్రం బయట పెట్టలేదు. రేడియో సిలోన్‌లో కూడ ఆంగ్ల గీతాల హిట్ పరేడ్ ఒకటి అప్పటికే నడుస్తున్నది. దాని అడుగుజాడలలోనే హిందీది వచ్చినది.

అయితే అసలైన చిక్కు ఇక్కడే ఉన్నది. జనానికి ఒక పాట ఇష్టమనుటకు కొలబద్ద ఏది? పెద్ద నగరాలలోని రికార్డుల దుకాణాలకు వ్రాసి, ఏ రికార్డు ఎన్ని అమ్ముడుపోయినదో తెప్పించుకొనుట ఒక మార్గం. సయానీ గారు మొదట దాని మీదనే ఆధారపడినారు. త్వరలోనే లోపాలు బయటపడినవి. బాగా నచ్చిన పాట రికార్డు అంగడిలో నిండుకొన్నచో, ఆ వారం అమ్మకం సున్న అగును. అందరూ అడుగుచున్న పాట, అందుచేతనే, పట్టికలో దిగిపోవును. ఇక నిర్మాతకు శ్రద్ధ గలిగితే తన పాట రికార్డులను తానే కొనిపింపవచ్చును. అంతకంటె పెద్ద లోపం ఇంకొకటి. గ్రామఫోను ఉన్న ఇండ్లు ఎన్ని? రికార్డులు కొనగలవారెందరు? హోటలు ముందు నిలబడి, టీ చల్లారిపోవుచుండగా పాట విన్న కూలివాని ఇష్టం ఏ దుకాణపు చిట్టాలోను ఎక్కదు.

అందుకని శ్రోతల సంఘాలను పోగుచేసినారు. చిన్న పట్టణాలలో పది ఇరవైమంది కలిసి ఒక రేడియో క్లబ్బు పెట్టుకొనేవారు. పేరు పెట్టుకొని, రబ్బరు ముద్ర చేయించుకొని, తమకు నచ్చిన పాటల జాబితాను వారం వారం పంపేవారు. అమ్మకాల లెక్కను, ఈ జాబితాలను కలిపి చూచి వరుస కట్టేవారు. ఈ క్లబ్బుల చర్చలను ఒక్కసారి ఊహించుకొనండి. నౌషాద్ గొప్పయా, శంకర్-జైకిషన్‌లు గొప్పయా? లతా గొంతులోని తేట ఎక్కువా, ఆశా గొంతులోని చిలిపితనం ఎక్కువా? పాటను నిలిపేది మాటా, వరుసా? సార్వత్రిక ఎన్నికలలో ఓటుకు ఇరవైయొక్క యేండ్లు నిండవలెను. ఇక్కడ ఆ నిబంధన లేదు. బడి కుర్రవాడు, గడప దాటని ఇల్లాలు, సంతకం తప్ప మరేమియు రాని దుకాణం గుమాస్తా అందరూ అర్హులే.

లోపాలు మాత్రం ఇక్కడను లేకపోలేదు. ఫర్మాయిషీ కార్డులు చూచిన అనుభవం నాకున్నది. ఒక్క కార్డు మీద పదునాలుగు పేర్లుండును. చిట్టిబాబు, బుజ్జి, పండు, అమ్మ, నాన్న, అమ్మమ్మ అందరూ అదే పాట కోరుదురు. పది కార్డులు విప్పితే పదింటిలోను ‘క’ అక్షరానికి తలకట్టు ఒక్కలాగే వంగి ఉండును. వ్రాసినవాడు ఒక్కడేనని తెలియుచునే ఉండును. తెలిసియు పేర్లన్నీ చదువుతాము. ఎందుకనగా అమ్మమ్మ నిజముగనే రేడియో దగ్గర కూర్చొని ఉండవచ్చును.

ఈ పేర్ల పిచ్చికి ఒక ఊరు దేశమంతటా ప్రసిద్ధి కెక్కినది. ఝుమ్రీ తిలైయా. నాడు బీహారులోను, నేడు ఝార్ఖండ్‌లోను ఉన్నది. రేడియో సిలోన్ పెట్టినను, తరువాత వివిధ భారతి పెట్టినను ఆ ఊరి పేరు వినపడని రోజు ఉండేది కాదు. అసలు అటువంటి ఊరు లేదు, ప్రకటనకర్తలు కల్పించినారు అని వాదించినవారు కూడ ఉన్నారు. ఊరున్నది. అది అభ్రకపు గనుల ఊరు. గనుల యజమానులు, వర్తకులు, గుమాస్తాలు, వారికి సాయంకాలం తీరిక. ఒకనిని మించి ఒకడు కార్డులు వ్రాయు పంతం. మన నెల్లూరు ప్రాంతపు గూడూరు కూడ అభ్రకానికే పేరుపొందినది గనుక ఈ మాట వ్రాస్తున్నాను. రేడియోలలోని కండెన్సర్లకు పలుచని అభ్రకపు రేకులు వాడేవారు. భూమి నుండి ఏ రాయి త్రవ్వినారో ఆ రాయి రేడియోలో చేరి, త్రవ్విన ఊరి పేరునే తిరిగి వినిపించినదన్నమాట.

ఇంతకు జనం ఎట్లు ఓటు వేసినారు? 1953 వార్షిక జాబితాలో మొదటి స్థానం అనార్కలి చిత్రంలోని పాటకు వచ్చినది. సి. రామచంద్ర వరుస కట్టగా లతా మంగేష్కర్ పాడినది. ఆ వరుస మనకు క్రొత్త కాదు. 1955లో ఆదినారాయణరావు గారు సంగీతం కూర్చిన తెలుగు అనార్కలిలో అదే వరుసలో జిక్కి పాడిన పాట తెలుగు ఇండ్లలో మారుమ్రోగినది. 1955లో శ్రీ 420 పాటకు ప్రథమ స్థానం. రాజ్ కపూర్ చిత్రం గనుక ఎవరికిని ఆశ్చర్యం కలుగలేదు.

1957 మాత్రం నేను ఎన్నిమారులు చూచినను చాలనిపించని జాబితా. ఆ యేడు వచ్చిన చిత్రాలు సామాన్యమైనవి కావు. మదర్ ఇండియాకు నౌషాద్, నయా దౌర్‌కు ఓ. పి. నయ్యర్, ప్యాసాకు ఎస్. డి. బర్మన్ సంగీతం కూర్చినారు. వీరందరిని దాటి మొదటి మెట్టు ఎక్కినది జనమ్ జనమ్ కే ఫేరే అను చిన్న భక్తి చిత్రంలోని పాట. పెద్ద తారలు లేరు, ప్రచారపు హంగు లేదు. సంగీతం ఎస్. ఎన్. త్రిపాఠీ, మాటలు భరత్ వ్యాస్, గొంతులు రఫీ, లతాలవి. రాగపు బిగి, మాటలో ఆర్తి గల పాట. బొంబాయి పెద్ద నిర్మాతలు ఆ పాటను లెక్కలోకి తీసుకొని ఉండరు. కాని ఊళ్ళ నుండి వచ్చిన ఓటు అటు మొగ్గినది. జనానికి వదిలితే చౌకబారు పాటనే ఎన్నుకొందురని భయపడినవారికి ఈ ఒక్క సంవత్సరం జవాబు చెప్పగలదని నా అభిప్రాయం. ప్రతి సంవత్సరం అట్లే చెప్పినదని మాత్రం అనలేను. కొన్ని యేండ్ల జాబితాలలో మొదటి స్థానం పొందిన పాటను నేడు ఎవరును తలచుకొనరు. ఆ యేడే పట్టిక అడుగున పడియున్న పాట ఈనాటికి పెండ్లిళ్ళలో వినిపించుచున్నది.

ఆ 1957లోనే ఆకాశవాణి కూడ మెత్తబడినది. అక్టోబరు 3వ తేదీన వివిధ భారతి ఆరంభమైనది. పండిత నరేంద్ర శర్మ గారు దానికి రూపురేఖలు దిద్దినారు. కేస్కర్ గారు అప్పటికి మంత్రిగనే ఉన్నారు. అయిదేండ్ల క్రితం ముందు వాకిట గెంటివేసిన సినిమా పాటను ప్రక్క వాకిటగుండా లోనికి పిలిచినారన్నమాట. శ్రోతల కోరికలు చదివే కార్యక్రమాలు మన స్టేషన్లలో కూడ వచ్చినవి. తెలుగువారికి జనరంజని అట్లు దక్కినదే. అయినను సిలోన్ మీద మోజు వెంటనే తగ్గలేదు. అక్కడ తెలుగు పాటలకు కూడ కొంత కాలం కేటాయించినారు. మీనాక్షి పొన్నుదురై గారు వినిపించిన తెలుగు పాటలకు, వారి ఉచ్చారణలోని ఒక విధమైన మాధుర్యానికి, ఆనాటి శ్రోతలు నేటికిని ముచ్చటపడుదురు.

గీత్‌మాలా కొలంబో నుండి 1988 వరకు నడిచినది. 1989లో వివిధ భారతికి మారినది. ఏ రేడియో తలుపు మూసినందున అది పుట్టినదో ఆ రేడియోలోనే చివరి అయిదేండ్లు గడిపి 1994లో ముగిసినది. అప్పటికి పండ్ల పేస్టు పేరు కూడ బినాకా నుండి సిబాకాగా మారి ఉన్నది. అమీన్ సయానీ గారు 2024 ఫిబ్రవరి 20న కాలధర్మం చెందినారు.

మా పెదతండ్రిగారి పెట్టెలో ఒక నోటుబుక్కు ఉన్నది. 1955 నుండి పది యేండ్లపాటు ప్రతి బుధవారం పదహారు పాటలు వరుసగా వ్రాసికొన్నారు. పేజీకి రెండు గళ్ళు. ఒకదానిపై ‘వారిది’ అని, రెండవదానిపై ‘నాది’ అని శీర్షికలు. 1957 చివరి పేజీలో ‘వారిది’ క్రింద జనమ్ జనమ్ కే ఫేరే, ‘నాది’ క్రింద ప్యాసా. ఎన్ని కార్డులు వ్రాసి పోరాడినారో అని కుతూహలంతో అడిగినాను.

“ఒక్కటీ రాయలేదురా,” అన్నారు.

“అదేమిటి పెదనాన్నా? ఇంత పట్టుదల ఉండి ఒక్క కార్డైనా రాయలేదా?”

“పాటలు రాసుకునేసరికే తొమ్మిదయ్యేది. లైటు ఆర్పమని మీ తాతగారు కేకలేసేవారు. ఇంక కార్డెప్పుడు రాయను?”